పవర్ వీడర్‌లో అరిగిన భాగాలు: బ్లేడు మొదలు ఇంజన్ దాకా మనమే చూసుకుని మార్చుకునే పద్ధతి

నెల్లూరు జిల్లా పొదలకూరు దగ్గర మాకు నిమ్మతోట ఉంది. వరసల మధ్య తుంగ, గరిక తీయడానికి 7 హార్స్‌పవర్ పెట్రోలు పవర్ వీడర్ వాడుతున్నాం. కొన్న రెండో ఏడాదే దాని గేరుబాక్సు పోయింది. ఎందుకు పోయిందని వెనక్కి ఆలోచిస్తే తెగిన డ్రిప్ పైపు ముక్క దగ్గర తేలింది. అది బ్లేడ్ల షాఫ్టుకు చుట్టుకుని, ఒరుసుకుంటూ ఆయిల్ సీలును, అంటే గేరుబాక్సు నూనె కారకుండా ఆపే రబ్బరు రింగును, కోసేసింది. సీలు మార్పించాం. మార్చినతను దాన్ని తిరగేసి బిగించాడు. ఆ సంగతి మాకు తెలియలేదు. నూనె బొట్టుబొట్టుగా మట్టిలో కలిసిపోయింది. మూడు వారాలకు గేర్లు పళ్లు కొరికినట్టు మోగడం మొదలుపెట్టాయి. వంద రూపాయల లోపు దొరికే రబ్బరు రింగు దగ్గర ఆగాల్సిన ఖర్చు వేలల్లోకి పోయింది. పైగా అది నవంబరు. వానలు పడి కలుపు మోకాలెత్తు లేచిన రోజులు.

అప్పటి నుంచి మిషను పని నేనే చేసుకుంటున్నాను. చేయగా చేయగా తెలిసిందేమంటే, ఈ మిషనులో అరుగుదల మట్టి దగ్గర మొదలై ఇంజన్ వైపు పాకుతుంది. మొండిబారిన బ్లేడు నేలను కోయదు, కొడుతుంది. ఆ దెబ్బకు బోల్టు వదులవుతుంది, షాఫ్టు అదురుతుంది, సీలును తినేస్తుంది, నూనె కారుతుంది, గేరు అరుగుతుంది. ఇంజన్ మాత్రం ఇవన్నీ మోస్తూ పొగలు కక్కుతుంది. మనం ఇంజన్‌ను తిట్టుకుంటాం. అందుకే పరీక్ష కూడా కింది నుంచి పైకే చేయాలి. ఇక్కడ చెప్పే వరస అదే.

ఎప్పుడు చేయాలి

మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. కలుపు కూడా అప్పుడే. మెకానిక్ దొరకనిదీ అప్పుడే. కాబట్టి మొత్తం విప్పి చూసే పెద్ద సర్వీసును ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో పెట్టుకోండి. ఏదైనా స్పేరు నెల్లూరులోనో ఒంగోలులోనో వెతుక్కోవలసి వచ్చినా టైము ఉంటుంది. సీజనులో మాత్రం రోజూ పది నిమిషాలు చాలు: షాఫ్టుకు చుట్టుకున్నది కోసేయడం, బోల్టులు తాకి చూడడం, నూనె మట్టం చూడడం.

మీ నేల ఏదో ముందు గుర్తించండి

ఒకే కంపెనీ బ్లేడు మూడు నేలల్లో మూడు రకాలుగా చస్తుంది. కొత్తపట్నం వైపు తీరప్రాంతం ఇసుక నేలల్లో, దొరువు నీళ్లతో కూరగాయలు వేసే చోట, ఇసుక ఆకురాయిలా పనిచేస్తుంది. అక్కడ బ్లేడు వంగదు, విరగదు. నిశ్శబ్దంగా పలచబడి పొట్టిదవుతుంది. కనిగిరి వైపు రాళ్లున్న ఎర్ర నేలల్లో అరగకముందే వంగుతుంది, చీలుతుంది, బోల్టు తెగుతుంది. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో బ్లేడుకు పెద్ద బాధ ఉండదు. నేల పదును దాటి మరీ తడిగా ఉన్నప్పుడు దించితే మాత్రం మట్టి ముద్దలుగా పట్టేసి ఆ భారమంతా బెల్టు మీద, క్లచ్ మీద పడుతుంది. ఇసుక నేల వాళ్లు బ్లేడు పొడవు కొలవాలి, రాతి నేల వాళ్లు పగుళ్లు వెతకాలి, రేగడి వాళ్లు బెల్టు వాసన చూడాలి.

మొదలుపెట్టే ముందు

ఇంజన్ ఆపి పూర్తిగా చల్లారనివ్వండి. తర్వాత స్పార్క్ ప్లగ్ మీది క్యాప్ ఊడదీసి, ప్లగ్‌కు తగలకుండా దూరంగా వంచి పెట్టండి. ఇది తప్పించుకోవద్దు. స్విచ్ ఆపినా సరే, గేరులో ఉన్న మిషనులో బ్లేడ్లు చేత్తో తిప్పితే ఇంజన్ కూడా తిరుగుతుంది. ఒక్క దెబ్బ అంటుకుంటే వేళ్లు మిగలవు. పెట్రోలు కాక్ కట్టేయండి. మిషనును వెనక్కి, హ్యాండిలు వైపు వంచండి. ఎయిర్ ఫిల్టరు ఉన్న వైపు కిందికి వచ్చేలా ఎప్పుడూ పడుకోబెట్టొద్దు. ఇంజన్ ఆయిలు ఫిల్టరులోకి, కార్బొరేటరులోకి ఎక్కుతుంది. వంచాక కింద చెక్క దిమ్మెలు పెట్టండి. ఒకరు పట్టుకుని ఉంటే మరొకరు పని చేసే పద్ధతి వద్దు, చేతులు నొప్పి పుట్టి వదిలేస్తారు.

కావలసినవి: రింగ్ పానాల సెట్టు, ప్లగ్ పానా, వైరు బ్రష్షు, పాత కత్తి, స్క్రూ డ్రైవరు, సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజి, గ్రీజు, నూనె పట్టే తట్ట, పాత పంచె గుడ్డ. ఫోనుతో ప్రతి భాగాన్నీ విప్పకముందు ఒక ఫోటో తీసుకోండి. బిగించేటప్పుడు టెన్షన్ సగం తగ్గుతుంది.

బ్లేడ్లు, బోల్టులు

ముందు షాఫ్టుకు చుట్టుకున్నదంతా కోసి తీయండి. గడ్డి, పురికొస, డ్రిప్ పైపు, ఎరువుల సంచి దారాలు. పైకి కనిపించేది తీసి ఊరుకోవద్దు. ప్లాస్టిక్ దారం, బ్లేడ్లు బిగించి ఉండే డ్రమ్ముకూ గేరుబాక్సుకూ మధ్య సందులో దూరి గట్టిగా బిగుసుకుంటుంది. అది కనిపించాలంటే డ్రమ్మును షాఫ్టు నుంచి లాగేయాలి. డ్రమ్మును షాఫ్టుకు పట్టి ఉంచే పిన్ను తీస్తే డ్రమ్ము పక్కకు వస్తుంది. తుప్పు పట్టి రాకపోతే కిరసనాయిలో డీజిలో పోసి రాత్రంతా వదిలేసి, పొద్దున చెక్క సుత్తితో తట్టండి. ఇనుప సుత్తితో కొడితే షాఫ్టు అంచు పువ్వులా విచ్చుకుంటుంది, ఆ తర్వాత డ్రమ్ము మళ్లీ ఎక్కదు.

బ్లేడు అరిగిందో లేదో కంటితో చూస్తే తెలియదు, ఎందుకంటే అన్నీ ఒకేలా అరుగుతాయి. కొత్తది ఒకటి ఎప్పుడూ ఇంట్లో పెట్టుకోండి. పాతదాని పక్కన పెట్టి చూస్తే తేడా అప్పుడు కనిపిస్తుంది. వెడల్పు సగానికి వచ్చినా, వంపు దగ్గర రేకులా పలచబడినా మార్చేయడమే. వంపు లోపలి వైపు, బోల్టు రంధ్రం చుట్టూ వైరు బ్రష్షుతో రుద్ది చూడండి. వెంట్రుకవాసి పగులు కనిపించినా ఆ బ్లేడును మళ్లీ వాడొద్దు. తిరుగుతూ విరిగిన బ్లేడు ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం.

చాలామంది కొలిమి దగ్గర పాత లారీ కమాను పట్టీతో బ్లేడ్లు చేయించుకుంటారు. ఇనుము మంచిదే. వేడి, నీళ్ల పదును సరిగ్గా పట్టించడం మీదే అంతా ఉంటుంది. ఆ నీళ్ల పదును ఎక్కువైతే రాయి తగలగానే గాజులా విరుగుతుంది. అరిగిన బ్లేడు చివర ముక్క వెల్డింగ్ పెట్టించడం మాత్రం నేను వద్దంటాను. ఆ అతుకు పక్కనే లోహం పెళుసెక్కి, సరిగ్గా అక్కడే తెగుతుంది. మా తోటలో రెండుసార్లు అలాగే జరిగింది.

పదును పెట్టేటప్పుడు కూరగాయల కత్తిలా నూరాల్సిన పని లేదు. మొదటి రాయికే ఆ అంచు పోతుంది. ఆకురాయితో మొండి అంచును సరిచేస్తే చాలు. గ్రైండరు వాడితే ఆగి ఆగి, చల్లారనిస్తూ పట్టండి. అంచు నీలంగా మారిందంటే ఆ చోట గట్టిదనం పోయినట్టే.

బిగించేటప్పుడు ఎక్కువమంది తప్పు చేసేది దిక్కు దగ్గర. మిషను ముందుకు వెళ్లేటప్పుడు బ్లేడ్లు ఎటు తిరుగుతాయో ఆ వైపున పదునైన అంచు ఉండాలి. అంచే ముందు మట్టిని తాకాలి. కుడి బ్లేడ్లు, ఎడమ బ్లేడ్లు వేరు. డ్రమ్ములు తారుమారైతే బ్లేడు వీపు నేలకు తగిలి మిషను గుర్రంలా ఎగురుతుంది, లోతు దిగదు. బాగానే నడుస్తున్న మిషను సర్వీసు తర్వాత గెంతుతోందంటే ముందు ఇదే చూడండి. ఒకటి రెండు బ్లేడ్లు మాత్రమే మార్చడం కూడా మంచిది కాదు. కొత్తవి పొడుగ్గా, పాతవి పొట్టిగా ఉంటే బరువు తూకం తప్పి అదురు పుడుతుంది. సెట్టు మొత్తం మార్చలేకపోతే కనీసం ఎదురెదురుగా ఉండే జతను కలిపి మార్చండి.

బోల్టు గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. హార్డువేరు షాపులో దొరికే మామూలు బోల్టు వేయొద్దు. తల మీద 8.8 అని అచ్చు ఉన్నది అడిగి తీసుకోండి. దానికి స్ప్రింగ్ వాషరు, లేదా లోపల నైలాన్ రింగున్న నట్టు వేయండి. నైలాన్ నట్టు ఒకసారి విప్పితే పట్టు తగ్గుతుంది కాబట్టి బ్లేడుతో పాటు అదీ కొత్తదే. 8.8 రకం 10 మిల్లీమీటర్ల బోల్టుకు సుమారు 45 న్యూటన్ మీటర్ల బిగింపు కావాలి. టార్క్ పానా లేనివాళ్లకు లెక్క ఇదీ: అడుగు పొడవు పానా చివర 15 కిలోల బరువు వేలాడదీస్తే ఎంత లాగుతుందో అంత. పైపు తొడిగి లాగితే బోల్టు సాగిపోతుంది. సాగిన బోల్టు వదులైన బోల్టు కంటే ప్రమాదం.

పిన్ను తీసినప్పుడు దాని నడుము చూడండి. మధ్యలో సన్నబడి గాడి పడి ఉంటే మార్చండి. డ్రమ్మును షాఫ్టు మీద పెట్టి చేత్తో అటూ ఇటూ ఊపితే కొద్దిగా కదలడం మామూలే. టకటకమని కొట్టుకుంటుంటే డ్రమ్ము లోపలి గొట్టం అరిగింది. పిన్ను ఒక్కటే మారిస్తే నెల తిరక్కుండా మళ్లీ తెగుతుంది. బిగించేటప్పుడు షాఫ్టుకు పలచగా గ్రీజు పూయండి. వచ్చే ఏడాది డ్రమ్ము చేత్తో లాగితే వస్తుంది.

ఆయిల్ సీలు: ఇక్కడ తొందర వద్దు

డ్రమ్ము తీయగానే గేరుబాక్సు పక్కన షాఫ్టు చుట్టూ నల్లటి రబ్బరు రింగు కనిపిస్తుంది. దాని చుట్టూ మట్టి పొడిగా ఉంటే సీలు బాగున్నట్టు. తడిసి జిడ్డుగా, నల్లగా అంటుకుని ఉంటే నూనె కారుతున్నట్టు.

సీలు మీద 25-40-7 లాంటి అంకెలు ఉంటాయి. మొదటిది లోపలి కొలత, అంటే షాఫ్టు మందం. రెండోది బయటి కొలత. మూడోది సీలు మందం. అన్నీ మిల్లీమీటర్లలో. ఈ మూడు అంకెలు సరిపోతే కంపెనీ స్పేరు కోసం ఎదురు చూడక్కర్లేదు, ఏ బేరింగు షాపులోనైనా దొరుకుతుంది. అంకెలు చెరిగిపోయి ఉంటే పాత సీలునే చేతబట్టుకుని వెళ్లండి.

మార్చే ముందు గేరుబాక్సు నూనె మొత్తం తట్టలోకి దించండి. పాత సీలు అంచు కింద స్క్రూ డ్రైవరు పెట్టి కొంచెం కొంచెంగా లేపండి. స్క్రూ డ్రైవరు షాఫ్టును గీకకూడదు. ఆ గీతలోంచే కొత్త సీలు కూడా కారుతుంది. సీలు వచ్చాక షాఫ్టును శుభ్రంగా తుడిచి, సీలు పెదవి ఆనే చోట గోరుతో అడ్డంగా రాయండి. మా ఊరి లేత్ దగ్గర పెద్దాయన నేర్పిన పరీక్ష ఇది. "అబ్బయ్యా, గోరు తగులుకుంటా ఉంటే ఎన్ని సీళ్లు మార్చినా దండగే" అన్నాడు. గోరు తగులుకుంటే షాఫ్టు మీద గాడి పడినట్టు. గాడి సన్నదైతే కొత్త సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి గానీ లోపలికి గానీ జరిపి, పెదవి కొత్త చోట ఆనేలా కొట్టొచ్చు. లోతుగా ఉంటే షాఫ్టు లేత్‌కు పంపాల్సిందే.

ఇక దిక్కు. సీలుకు ఒక వైపు చదునుగా ఉంటుంది, రెండో వైపు గుంటలా ఉండి లోపల సన్నటి స్ప్రింగు కనిపిస్తుంది. స్ప్రింగు వైపు నూనె ఉన్న లోపలికి ఉండాలి. చదును వైపు మనకు కనపడాలి. మా గేరుబాక్సును తిన్నది ఈ ఒక్క పొరపాటే. పెదవికి కొద్దిగా గ్రీజు పూసి, షాఫ్టు అంచు పదునుగా ఉంటే దానికి పలచటి ప్లాస్టిక్ కవరు చుట్టి, సీలును దాని మీదుగా జార్చండి. అంచు మీద అక్కడొకటి ఇక్కడొకటి సుత్తి దెబ్బ వేయకుండా, సీలు బయటి అంచుకు సరిపోయే పీవీసీ పైపు ముక్కను షాఫ్టు మీదుగా తొడిగి దాని మీద తట్టండి. నాలుగు వైపులా సమంగా దిగుతుంది.

షాఫ్టును పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. ఆడుతోందంటే తప్పు సీలుది కాదు, లోపల బేరింగు పోయింది. బేరింగు మార్చకుండా సీలు వేస్తే వారంలో మళ్లీ కారుతుంది. బేరింగు పక్కన కూడా నంబరు చెక్కి ఉంటుంది, అదే నంబరుది అడగండి. గేరుబాక్సు విప్పడం అలవాటు లేకపోతే ఈ ఒక్క పనిని తెలిసిన మెకానిక్‌కు అప్పగించండి. కానీ పక్కనే నిలబడి సీలు దిక్కు చూసుకోండి.

దించిన నూనె ఏం చెబుతుంది

తట్టలోని నూనెను వేళ్ల మధ్య రుద్దండి. బూడిద రంగు మెత్తటి పేస్టులా ఉంటే మామూలు అరుగుదల. మెరిసే రేకులు, పలుకులు తగిలితే గేరు పన్ను ఊడుతోంది. కొన్ని మోడళ్లలో వర్మ్ గేరు, అంటే మర లాంటి షాఫ్టుతో తిరిగే ఇత్తడి రంగు చక్రం, ఉంటుంది, వాటిలో ఇత్తడి రంగు పొడి ఎక్కువగా వస్తే ఆ చక్రం అరుగుతున్నట్టు. నూనె మజ్జిగలా తెల్లబడి ఉంటే నీళ్లు చేరాయి. వానలో నిలబెట్టినా, నీళ్ల పైపుతో గట్టిగా కడిగినా సీలు పెదవి మీదుగా నీళ్లు పోతాయి. కొత్తది పోసేటప్పుడు మీ మిషను పుస్తకం చూడాలి. కొన్నింటికి 90 నంబరు గేరాయిలు, కొన్నింటికి ఇంజన్ ఆయిలే పోయమని ఉంటుంది. మిషను సమంగా నిలబెట్టి, మట్టం చూసే బోల్టు రంధ్రం అంచు దాకా పోయండి. ఎక్కువ పోస్తే వేడెక్కి సీలు దగ్గర నుంచే బయటికి తన్నుకొస్తుంది.

బెల్టు, కేబుళ్లు

బెల్టు మిషన్లలో మూత తీసి బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కండి. క్లచ్ లివరు పట్టి ఉంచినప్పుడు ఒక సెంటీమీటరు, ఒకటిన్నర దాకా లొంగితే సరి. పక్కలు అద్దంలా మెరుస్తుంటే జారుతోంది. లోపలి వైపు పగుళ్లున్నా, పుల్లీ గాడి అడుగుకు దిగిపోయినా బెల్టు మార్చాలి. బెల్టు మీద బీ-38 లాంటి గుర్తు ఉంటుంది. బీ అంటే వెడల్పు రకం, 38 అంటే లోపలి పొడవు అంగుళాల్లో. కొత్త బెల్టును స్క్రూ డ్రైవరుతో బలవంతంగా ఎక్కిస్తే లోపలి దారాలు తెగుతాయి. టెన్షన్ పుల్లీ వదులు చేసి చేత్తో ఎక్కించండి. తర్వాత రెండు పుల్లీల పక్కన ఒక దారం లాగి పట్టుకుని రెండూ ఒకే గీతలో ఉన్నాయో చూడండి. ఇంజన్ కింది బోల్టులు వదులై ఇంజన్ పక్కకు జరిగితే ఎన్ని బెల్టులు వేసినా నిలవవు.

కేబుల్ బరువెక్కితే పైకొన ఊడదీసి, పాలిథిన్ కవరు మూల కత్తిరించి గరాటులా చుట్టి కట్టి, అందులో రెండు చెంచాల పలచటి నూనె పోసి వేలాడదీయండి. గంటలో కింది కొన నుంచి నల్లటి చుక్కలు వస్తాయి. ఒక్క పోగు తెగి పైకి లేచినా ఆ కేబుల్ మార్చండి. వరస చివర లివరు వదిలినా మిషను ఆగకపోతే మీ ఎదురుగా చెట్టో గట్టో ఉంటుంది.

ఇంజన్

కింద అన్నీ సరిచేశాక ఇంజన్‌కు మిగిలే పని తక్కువే. దుమ్ము మాత్రం దాని ప్రాణం తీస్తుంది. ఎయిర్ ఫిల్టరు స్పాంజి అయితే సబ్బు నీళ్లతో ఉతికి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి, ఇంజన్ ఆయిలులో ముంచి గట్టిగా పిండి బిగించండి. పెట్రోలుతో కడగొద్దు, నిప్పుతో చెలగాటం అది. కాగితం ఫిల్టరైతే నేలకు మెల్లగా తట్టడమే, నీళ్లు తగలకూడదు. ఎర్రమట్టి దుమ్ములో దున్నే రోజుల్లో నేను రోజూ మూత తీసి చూస్తాను. ఫిల్టరు లేకుండా ఒక పూట నడిపినా పిస్టను, రింగులు అరుగుతాయి.

ఇంజన్ ఆయిలు కొత్త మిషనులో మొదటి 20 గంటలకు, ఆ తర్వాత 100 గంటలకు లేదా ఆరు నెలలకు మార్చమని 200 సీసీ తరగతి ఇంజన్ల పుస్తకాలు చెబుతాయి. మన ఎండకు, దుమ్ముకు నేను 50 గంటలకే మారుస్తాను. ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దించితే మడ్డి కూడా వచ్చేస్తుంది. ఈ ఇంజన్లకు సుమారు 600 మిల్లీలీటర్లు పడుతుంది, 10డబ్ల్యూ-30 రకం. చాలా మోడళ్లలో మట్టం చూసేటప్పుడు పుల్లను మర బిగించకుండా ఊరికే దించి తీసి చూడాలి. పాత నూనెను కాలవలోకి గానీ చెట్ల మొదట్లో గానీ పోయొద్దు. డబ్బాలో పట్టి పాత ఆయిలు కొనేవాళ్లకు ఇవ్వండి.

ప్లగ్ కొన గోధుమ రంగులో ఉంటే ఇంజన్ బాగుంది. నల్లటి పొడి మసి ఉంటే ముందు ఎయిర్ ఫిల్టరు చూడండి. ప్లగ్ కొన దగ్గరి సందు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు, ఫీలర్ గేజితో సరిచూడాలి. చేత్తో చివరి దాకా తిప్పి, కొత్త ప్లగ్ అయితే పానాతో ఇంకో అర చుట్టు, పాతదైతే పావు చుట్టు. అంతకంటే బిగిస్తే అల్యూమినియం మర పోతుంది. వాల్వు సందులు చల్లటి ఇంజన్‌లో గాలి లోపలికి తీసుకునేదానికి 0.15, పొగ బయటికి వదిలేదానికి 0.20 మిల్లీమీటర్లు ఉండాలి. ఇది ఏడాదికోసారి మెకానిక్‌తో చూపించుకుంటే చాలు.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో వదిలేస్తే కార్బొరేటరు జెట్టు మూసుకుపోతుంది. వేసవిలో మిషను పక్కన పెట్టే ముందు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపి, కార్బొరేటరు కింది గిన్నె బోల్టు వదులు చేసి చివరి చుక్కలు కూడా దించండి.

బిగించాక

ప్లగ్ క్యాప్ పెట్టే ముందు ఒకసారి చుట్టూ చూడండి, పానాలు ఏవీ షాఫ్టు దగ్గర మిగలకూడదు. మొదటిసారి గట్టి నేలలో దించకుండా, తగినంత తడి ఉన్న మెత్తటి చోట తక్కువ లోతులో పది నిమిషాలు నడపండి. నిమ్మ వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి ఈ ట్రయల్ కూడా వరసల మధ్యనే, కొమ్మల నీడ కిందికి వెళ్లకుండా చేయండి. ఆపి, ప్లగ్ క్యాప్ మళ్లీ తీసి, ప్రతి బ్లేడు బోల్టుకూ పానా వేయండి. కొత్త బోల్టుల్లో ఒకటి రెండు తప్పకుండా కొద్దిగా తిరుగుతాయి. సీలు చుట్టూ తెల్ల గుడ్డతో తుడిచి, రెండు గంటలు పని చేశాక మళ్లీ అదే గుడ్డతో తుడవండి. గుడ్డకు మట్టి మాత్రమే అంటితే ఆ వానాకాలానికి మిషను సిద్ధం. జిడ్డు అంటితే ఆ రోజే విప్పండి.